8 గంటల 45 నిమిషాలు

2013లో ఐటీ మేనేజ్‌మెంట్ పీజీ కోర్సులో చేరేనాటికి, విశాఖపట్నం గాజువాకలో ఒక కర్మాగారం సర్వర్లు చూసుకుంటూ ఏడేళ్లు గడిపాను. శనివారం డ్యూటీ దిగి, ఎన్ఏడీ కూడలి దాటుకుని మద్దిలపాలెం చేరేసరికి మొదటి క్లాసు సగం అయిపోయేది. ఆదివారం మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాఠాలే. బ్యాచ్‌లో అందరం ఉద్యోగస్థులమే కనుక, సార్ పాఠం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు తమ ఆఫీసులో ఆ వారం తలెత్తిన ఇబ్బందిని ముందు పెట్టేవారు. నా దృష్టిలో ఆ కోర్సుకు ప్రాణం అదే.

సర్వీస్ లెవెల్ అగ్రిమెంట్ల పాఠం, అంటే సిస్టమ్ ఎంత శాతం సమయం పనిచేస్తూ ఉండాలో ముందే రాసుకునే ఒప్పందాల పాఠం, నాకు బాగా గుర్తు. సార్ బోర్డు మీద 99.9 శాతం అని రాసి, ఏడాదికి ఎంతసేపు సిస్టమ్ ఆగిపోవచ్చో లెక్కకట్టమన్నారు. 8,760 గంటల్లో వెయ్యో వంతు, అంటే సుమారు 8 గంటల 45 నిమిషాలు. ఫరవాలేదనుకున్నాం. పోర్టు సరుకు రవాణా సంస్థ నుంచి వచ్చే ఒక మేడమ్ మాత్రం, "ఆ ఎనిమిది గంటలూ ఓడ రేవుకొచ్చిన రోజే వస్తే ఎలా సార్?" అని అడిగారు. ఆ గంటంతా ఆ ప్రశ్న చుట్టూనే గడిచింది.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. మా సర్వర్ గది కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టింది. డేటా నకళ్లు దాచే బ్యాకప్ టేపులు కూడా అదే గదిలో, బీరువా కింది అరలో ఉండడంతో సర్వర్లతోపాటు అవీ తడిసిపోయాయి. దీపావళి పదకొండు రోజుల్లో ఉంది. కార్మికుల హాజరు, ఓవర్‌టైమ్ లెక్కలు లేవు. గేటు దగ్గర వాచ్‌మన్ చేతిరాత రిజిస్టరే దిక్కయింది. ముగ్గురం కూర్చుని ఒక్కొక్క పేరూ చదివి మళ్లీ ఎక్కించాం.

క్లాసులు మళ్లీ మొదలయ్యాక సార్ ఈ ఉదంతాన్నే పాఠంగా తీసుకున్నారు. ఎంతసేపట్లో తిరిగి నిలబెట్టాలన్నది రికవరీ టైమ్, ఎంత డేటా పోయినా తట్టుకోగలమన్నది రికవరీ పాయింట్ అని అంతకుముందే చదివాను. కానీ ఆ రెండింటినీ నిర్ణయించాల్సింది సర్వర్లు చూసే నేను కాదని, ఎవరి పని ఆగుతుందో వాళ్లేనని ఆ రోజే అర్థమైంది. ముందుగా ఏది తిరిగి నిలబెట్టాలో రాసిన జాబితాలో నేను మెయిల్ సర్వర్‌ను మొదట పెట్టాను. క్లాసు జీతాల సిస్టమ్‌ను పైకి తెచ్చింది.

యాజమాన్యానికి అంతకుముందు రెండుసార్లు టేప్ డ్రైవ్ (టేపుల మీద డేటా ఎక్కించే యంత్రం) కావాలని రాసి ఊరుకున్నాను. ఈసారి, ఎన్ని రోజులు జీతాలు ఆగితే ఎంత నష్టమో రూపాయల్లో ఒక్క పేజీ రాసిచ్చాను. ఒప్పుకున్నారు. ప్రతి శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మా మనిషి చేత ఒక సెట్టు టేపులు, సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాద్ ఆఫీసుకు పంపడం మొదలుపెట్టాం.

దాన్నే ప్రాజెక్టు నివేదికగా రాశాను. పట్టికలో మొదటి వరుసకు "సర్వర్ పేరు" అని శీర్షిక పెడితే, పోర్టు మేడమ్ చదివి, దాన్ని కొట్టేసి పెన్సిల్‌తో "ఎవరి పని" అని రాశారు. నివేదికను ఆ శీర్షికతోనే సమర్పించాను.