బుడితి గిన్నె, పెద్దమ్మ చేతులు

అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోను అక్టోబరులోను, పొద్దుటి కిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. నేను వెళ్ళింది మే నెలలో. ఆ ఎండంతా నా పాదాలకే దక్కింది. కాలే బండల మీద గంతులు వేస్తూ దర్శనం ముగించాను. పడమటి ముఖంగా ఉన్న స్వామినీ, రెండు ధ్వజస్తంభాలనూ చూడటానికి శ్రీకూర్మం చేరేసరికి మడమలు మొరాయించాయి.

మర్నాడు నరసన్నపేట మీదుగా బుడితి వెళ్ళాను. కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు పొందిన ఊరు. రాగిలో తగరం కలిస్తే కంచు, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. ఒకాయన గిన్నె అంచును గోటితో మీటాడు. ఆ మోత ఆగేదాకా ఇద్దరం మాట్లాడలేదు. అరచేతిలో ఇమిడే కంచు గిన్నె ఒకటి కొన్నాను.

సాయంత్రం పెద్దమ్మ దాన్ని చూడగానే నువ్వుల నూనె గోరువెచ్చగా కాచింది. "కాళ్ళు ఇలా పెట్టు."

"పెద్దదానివి, నువ్వు నా కాళ్ళు పట్టడమేమిటి?"

"చిన్నప్పుడు నలుగు పెడితే అడ్డు చెప్పావా?"

ఆయుర్వేదం పాదాభ్యంగం అనే పని ఇదే. గిన్నె బోర్లించి మడమ నుంచి వేళ్ళ దాకా గుండ్రంగా రుద్దింది. పది నిమిషాలకు అరికాలు బూడిద రంగుకు తిరిగింది. "చూడు, ఒంట్లో వేడి దిగింది" అంది. చెమటా నూనే తగిలి కంచు వదిలిన రంగు అది. వాదించలేదు, అంత హాయిగా ఉంది మరి.

అన్నయ్య ఫోనులో పాదం పటం చూపించాడు: బొటనవేలు తలకట, నడిమి వంపు పొట్టకట. వేల ఏళ్ళ విద్య అన్నాడు. మన పాదాభ్యంగం పాతదే కానీ, ఆ పటం కాదు. 1910లలో ఫిట్జెరాల్డ్ అనే అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుడు ఒంటిని నిలువు మండలాలుగా విభజించాడు. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే అమెరికా ఫిజియోథెరపిస్టు అవయవాలన్నిటినీ అరికాలి మీదికి దించింది. ఆ పటం చూసి పాదాల్ని నొక్కే ఈ రిఫ్లెక్సాలజీతో జబ్బులు నయమవుతాయనడానికి గట్టి రుజువు లేదు. నా మడమ నొప్పి తగ్గింది, నొక్కింది మడమనే కదా!

పెదనాన్నకు మాత్రం పెద్దమ్మ ఈ సేవ చేయదు. ఆయనకు మధుమేహం, పాదాలకు స్పర్శ తక్కువ. నూనె కాలినా, అంచు గీరినా తెలియదు.

తెల్లవారేసరికి గిన్నె చింతపండుతో తోమించుకుని తళతళలాడుతోంది. నా అరికాళ్ళ నలుపు మాత్రం ఆమదాలవలస స్టేషను దాకా వచ్చింది.