24 గంటల నొప్పి, మూడు చుక్కలు

పాపకు ఆపరేషన్ జరిగి నేటికి ఎనిమిదో రోజు. స్నానం చేయించి, మెత్తని పాత చీర ముక్కతో పొట్ట మీది తడి అద్దుతూ గాయాలను మరోసారి చూశాను. బొడ్డు మడతలో కనీకనపడనిది ఒకటి, పొత్తికడుపు మీద ఒకటి, ఎడమ పక్కన ఒకటి. నొప్పి పుట్టించిన అపెండిక్స్ ఉన్నది కుడి పక్కన. అక్కడ మాత్రం గీత కూడా లేదు.

మా అత్తయ్యగారికి చిన్నతనంలో ఇదే '24 గంటల నొప్పి'కి కోత పడింది. పొత్తికడుపు కుడివైపున ఏటవాలుగా బెత్తెడు మచ్చ, దానికి అటూ ఇటూ కుట్లు దిగిన గుంటలు ఇప్పటికీ లెక్కపెట్టవచ్చు. పాపను చూడవచ్చిన బంధువులు "మూడు చుక్కలేగా, పెద్ద ఆపరేషనేమీ కాదులే" అంటుంటే నాకు చిరాకు వేస్తోంది. పైకి కనిపించే గాయం చిన్నదే గానీ, లోపల జరిగిన పని అత్తయ్యగారికి జరిగినదే. బొడ్డు దగ్గర సన్నని గొట్టం దించి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బించి, కెమెరాలో చూస్తూ అపెండిక్స్ మొదలును దారపు ఉచ్చులతో బిగించి కోసి, చిన్న సంచిలో వేసి బొడ్డు గుండానే బయటికి తీశారని సర్జన్ బొమ్మ గీసి చూపించారు. ఈ పద్ధతిలో అపెండిక్స్‌ను మొదట తీసింది 1980లో, జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ సెమ్ అనే స్త్రీ వ్యాధుల వైద్యుడు. అప్పట్లో తోటి సర్జన్లు ఆయన మీద మండిపడ్డారట!

ఆ వాయువు సంగతి నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. ఆపరేషన్ అయిన రాత్రి పాప పొట్ట పట్టుకోకుండా "అమ్మా, భుజం నొప్పి" అని ఏడిస్తే నా గుండె జారిపోయింది. వాయువు వల్ల పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే ఉదరవితానం చురుక్కుమంటే, దాని నరం మెడ దగ్గరి నుంచే వస్తుంది కనుక నొప్పి భుజంలో తెలుస్తుందని, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని నర్సు చెప్పేదాకా నాకు ఊపిరాడలేదు.

అసలు పొరపాటు నాదే. మొదటి రోజు నొప్పి బొడ్డు చుట్టూ ఉందని వాము నీళ్లు పట్టించి ఊరుకున్నాను. మర్నాడు నొప్పి కుడివైపుకు దిగి, ఇష్టమైన ఇడ్లీని కూడా పక్కకు నెట్టి, "ఒకసారి గెంతమ్మా" అంటే గెంతలేక వంగిపోయినప్పుడు గానీ నేను కదలలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, చీము పడుతుందన్న పాత భయంతో అత్తయ్యగారు పప్పు గిన్నెను దూరంగా జరిపారు. మామూలు తిండి పెట్టమన్నారు డాక్టరు. పాప గిన్నెను దగ్గరకు లాక్కుంది. నేను మారుమాట్లాడకుండా నెయ్యి వడ్డించాను.