పులికాట్ నీటి మీద మా ఆదివారాలు

మా పడవల బృందంలో చేరి నేటికి ఏడాది నిండింది. తిరుపతిలో వేర్వేరు ఉద్యోగాలు చేసుకునే మేము పన్నెండుమందిమి నెలకొక ఆదివారం తెల్లవారకముందే బయలుదేరి, తడ సమీపంలోని భీములవారిపాళెం రేవుకు చేరి, పులికాట్ సరస్సులోకి వెళతాము. చిలికా తర్వాత దేశంలోకెల్లా పెద్దదైన ఈ ఉప్పునీటి సరస్సు చాలాచోట్ల లోతు తక్కువ కనుక, అక్కడ తెడ్డు కన్నా గెడే ఎక్కువ పనికివస్తుందని మాకు నేర్పినది ఒక మత్స్యకార పెద్దాయన. మొదటిసారి రాజహంసల గుంపును ఫొటో తీయాలని నేను లేచి నిలబడగానే పడవ ఒరిగింది. ఆయన కోప్పడలేదు, "కూర్చో నాయనా, అవి ఎక్కడికీ పోవు" అన్నారు. ఆ మాటలోని ఆప్యాయత నాకు ఈనాటికీ గుర్తుంది.

లైఫ్ జాకెట్ లేనిదే ఎవరినీ పడవ ఎక్కనివ్వము. ఈ విషయంలో మినహాయింపు లేకపోవడమే సరి అని నా నమ్మకం.

నాకు మరింత ఇష్టమైనది ఒడ్డున గడిపే మధ్యాహ్నం. ఇంటినుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం అందరమూ పంచుకుంటాము. భార్య పోయాక ఇల్లు కదలని మా విశ్రాంత ఉపాధ్యాయుడు మొన్న తానే చింతకాయ పచ్చడి చేసి తెచ్చి, పెద్దాయన విస్తరిలో మొదట వడ్డించారు.