నేను క్యాచ్ చూస్తున్నాను

మొన్న ఆదివారం శ్రీకాకుళంలో రెండు స్కూళ్ళ కుర్రాళ్ళ బేస్‌బాల్ మ్యాచ్‌కి నేనొక్కణ్ణే అంపైర్‌ని. రావలసిన రెండో సారుకి ముందురోజు రాత్రి జ్వరం. ఆయన ఫోన్ చేసేసరికే సున్నం గీతలు వేసేశాం, ఆమదాలవలస పిల్లలు మొదటి బస్సుకే వచ్చి దిగారు. మ్యాచ్ ఆపడానికి మనసొప్పలేదు.

అమెరికా మేజర్ లీగ్‌లో మామూలు మ్యాచ్‌కే నలుగురు అంపైర్లుంటారు. ప్లేఆఫ్స్‌లో ఆరుగురు. ఇక్కడ వాళ్ళందరి పనీ మే నెల ఎండలో, మాస్కూ చెస్ట్ ప్రొటెక్టరూ కట్టుకుని క్యాచర్ వెనక వంగి నిలబడ్డ ఒక్కడిదే.

స్ట్రైకులు, అంటే బ్యాటర్ కొట్టదగ్గ చోటికి వచ్చిన బంతులు, చెప్పడమే కష్టమని చాలామంది అనుకుంటారు. బ్యాటర్ పక్కన నేలమీదుండే 17 అంగుళాల ప్లేటు నా కళ్ళెదుటే ఉంటుంది, చూడగా చూడగా అలవాటవుతుంది. అసలు కష్టం బంతి బ్యాటుకి తగిలాక మొదలవుతుంది. బంతి సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ చేతికి వెళ్ళిందంటే మాస్కు పీకి ఫస్ట్ బేస్ వైపు పరుగు తియ్యాలి. 90 అడుగుల్లో సగం కూడా వెళ్ళలేను. త్రో గాల్లోకి లేచేలోపు ఆగిపోవాలి, పరిగెడుతూ చూస్తే ఏదీ నిలకడగా కనిపించదు. అప్పుడు రన్నర్ పాదం బేసుకి తగలడం కంటితో పట్టాలి, బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు చెవితో పట్టాలి. ఏది ముందైతే దాన్నిబట్టి తీర్పు.

నాలుగో ఇన్నింగ్స్‌లో పాలకొండ రోడ్డు మీద అమ్మవారి పండగ డప్పులు మొదలయ్యాయి. ఇక గ్లవ్ చప్పుడు వినపడితే ఒట్టు. రెండడుగులు వెనక్కి జరిగి, బంతీ పాదమూ ఒకే చూపులో పడేలా నిలబడి రెండు తీర్పులు చెప్పాను. ఆ రెండూ సరైనవేనని ఇప్పటికీ నా నమ్మకం.

బేసుల మీద రన్నర్లుంటే బంతి విసిరే పిచ్చర్ వెనక నిలబడమంటారు కొందరు. ప్లేటు నుంచి సెకండ్ బేస్ 127 అడుగుల పైమాటే కాబట్టి స్టీల్, అంటే బ్యాటర్ కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేసుకి పరిగెత్తడం, దగ్గరగా కనిపిస్తుందని వాళ్ళ వాదన. నేను ఒప్పుకోను. మొన్న స్టీల్స్ ఐదారే, పిచ్చర్లు విసిరిన బంతులు వంద దాటాయి. మోకాలి దగ్గర పడే బంతి స్ట్రైకో కాదో అక్కణ్ణుంచి తేల్చడం నావల్ల కాదు.

చివరి ఇన్నింగ్స్. స్కోరు సమం, ఒక ఔట్, థర్డ్ బేస్ మీద రన్నర్. రైట్ ఫీల్డ్ గీత పక్కకి ఎత్తు బంతి లేచింది. అది ఫెయిరా ఫౌలా (గీత లోపలా బయటా), క్యాచ్ నేలకి తగలకుండా పట్టాడా, క్యాచ్ పడకముందే రన్నర్ కాలు కదిపాడా, మూడూ నేనే చూడాలి. బంతి కుడి చివర, రన్నర్ ఎడమ చివర. ఫీల్డర్ ముందుకి దూకాడు. గడ్డికి జానెడు ఎత్తులో గ్లవ్ బంతి కిందకి వెళ్ళడం స్పష్టంగా చూశాను. బ్యాటర్ ఔట్. తల తిప్పేసరికి రన్నర్ సగం దూరం వచ్చేశాడు. పరుగొచ్చింది.

ఫీల్డింగ్ జట్టు బంతిని థర్డ్ బేస్‌కి విసిరి అప్పీల్ చేసింది. కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు. "ముందే ఎలిపోనాడు సార్! మీరు సూణ్ణేదేటి?"

"లేదు నాయనా. నేను క్యాచ్ చూస్తున్నాను. చూడనిదానికి ఔటివ్వలేను."

వాడు ఇంకో మాట అనలేదు. గ్లవ్‌తోనే కళ్ళు తుడుచుకుని వెళ్ళి అవతలి జట్టుతో చేతులు కలిపాడు. నేను తిరిగేసరికి రన్నర్ ఎక్కడున్నాడో తల్చుకుంటే ముందే కదిలాడనిపిస్తోంది. ఆ అనుమానం మీద ఔటిస్తే అవతలి కుర్రాడికి అన్యాయం.

అందరూ వెళ్ళాక గ్రౌండ్‌లో ఒక్కణ్ణీ నడిచి చూశాను. బేసూ ఆ ఫీల్డరూ ఒకే చూపులోకి రావాలంటే థర్డ్ బేస్ దాటి ఫౌల్ గీత బయటికి వెళ్ళి నిలబడాలి. అక్కడుంటే రైట్ ఫీల్డ్ గీత తెలియదు, ప్లేటు దగ్గర ట్యాగ్ (బంతితో రన్నర్‌ని తాకడం) చూసేవాడుండడు.

సారుకి జ్వరం తగ్గిందట. వచ్చే ఆదివారం మాస్కు నాకు, బేసులు ఆయనకి అని ఇప్పుడే ఫోన్లో అనుకున్నాం.