పన్నునొప్పి నుంచి పెద్దపేగు దాకా

దవడ పన్ను కింద చీము పట్టింది. దంతవైద్యురాలు పన్ను శుభ్రం చేసి, వారం రోజులకు క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చారు. నాలుగో రోజుకే వాపు తీసింది. మాత్రలన్నీ పూర్తిచేసి ఆ సంగతే మరచిపోయాను. ఆపిన ఆరో రోజున విరేచనాలు పట్టుకున్నాయి.

తిన్నదేదో పడలేదనుకున్నాను. రెండో రోజుకు పన్నెండు సార్లు వెళ్లాల్సి వచ్చింది. పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, సన్నగా జ్వరం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. విరేచనాలు కట్టే మాత్ర ఇంట్లోనే ఉంది. నోట్లో వేసుకోబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది. "ఎందుకొచ్చాయో తెలియకుండా కట్టెయ్యకు. ముందు డాక్టరుకు చూపిద్దాం" అంది. ఆ పూట అక్క నన్ను ఎంత పెద్ద ప్రమాదం నుంచి తప్పించిందో తర్వాత తెలిసింది. నా జబ్బులో పేగును కోసేది ఒక బాక్టీరియా వదిలే విషపదార్థం. కదలికను ఆపేస్తే ఆ విషం లోపలే నిలిచిపోతుంది.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?" మలపరీక్షలో క్లాస్ట్రిడియాయిడీస్ డిఫిసిల్ అనే బాక్టీరియా, దాని విషం రెండూ కనిపించాయి. దీన్ని 1935లో పసిపిల్లల మలంలో మొదట గుర్తించారు. ప్రయోగశాలలో పెంచడం కష్టమైంది కాబట్టి 'కష్టమైనది' అనే అర్థంలో డిఫిసిల్ అని పేరు పెట్టారట. యాంటీబయాటిక్ వాడినవారిలో పెద్దపేగు వాపుకు ఇదే కారణమని 1978లో తేలింది. మనలో కొందరి పేగుల్లో ఇది ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. కాలేయం నుంచి వచ్చే పైత్యరసంలోని ఆమ్లాలను పెద్దపేగులోని మంచి బాక్టీరియా మరో రూపంలోకి మారుస్తాయి, ఆ రూపం దీన్ని ఎదగనివ్వదు. నా పంటి కోసం వేసుకున్న మందు ఆ మంచివాటిని కూడా చంపేసింది. తలుపు దగ్గర కాపలా లేకుండా పోయింది.

దాన్ని చంపడానికి వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్, రోజుకు నాలుగు సార్లు, పది రోజులు. చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రవం ఈ బాక్టీరియా సిద్ధబీజాలను, అంటే గట్టి పెంకులో నిద్రాణంగా ఉండే దాని రూపాన్ని, చంపలేదు. సబ్బు, నీళ్లతో రుద్ది కడుక్కోవాల్సిందే, మరుగుదొడ్డిని బ్లీచింగ్ ద్రావణంతో తుడవాల్సిందే. నా వల్ల అక్కకు ఎక్కడ అంటుకుంటుందోనన్న భయం నొప్పి కంటే ఎక్కువ బాధించింది. మూడో రోజుకు విరేచనాలు తగ్గాయి, పదో రోజుకు ఆకలి తిరిగొచ్చింది. సరిగ్గా రెండు వారాలకు మళ్లీ మొదలైంది.

ఆ రోజు ఏడ్చాను. ఐదారుగురిలో ఒకరికి ఇలా తిరగబెడుతుందని డాక్టరు ఓపికగా చెప్పారు. ఈసారి మందును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఇచ్చారు. గుండెమంటకు ఏడాదిగా వేసుకుంటున్న మాత్ర నిజంగా అవసరమా అని ఆరా తీసి, దాన్ని ఆపించారు. కడుపులో ఆమ్లం తగ్గించే మందులు వాడేవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుందట.

మందు అయిపోయాక అసలు పని మొదలైంది. నేను చేసిన పొరపాటూ అక్కడే. పేగులోని మంచి బాక్టీరియాకు పీచు ఆహారమని చదివి, మొదటి రోజే గిన్నెడు చిక్కుడు గింజలు, పచ్చి కూరగాయలు, వెల్లుల్లి తిన్నాను. రాత్రికి కడుపు తప్పెటలా బిగుసుకుంది. మళ్లీ తిరగబెట్టిందేమోనన్న భయంతో తెల్లవార్లూ కూర్చున్నాను. పోషకాహార నిపుణురాలు నా నోటుపుస్తకం చూసి ఒకే మాట అన్నారు: "అంత పీచును అరిగించే జీవులు మీ పేగులో ఇంకా లేవు. ఉన్నవాటికి సరిపడా పెట్టండి, అవి పెరిగేకొద్దీ పెంచండి."

ఆ మాటను పట్టుకునే బాగుపడ్డాను. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నా లెక్క ఎనిమిది దగ్గర మొదలైంది. పల్చటి ఓట్స్ జావ, అరటిపండు, ఉడికించి చల్లార్చిన బంగాళాదుంప. చల్లారిన దుంపలో కొంత పిండి చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి బాక్టీరియాకు అందుతుంది. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధాన ఇంధనం అదే. దెబ్బతిన్న నా పేగుకు కావలసిన తిండి నా చేతిలోని గిన్నెలో ఉందన్న ఆలోచన నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. వారానికి ఒకటి రెండు గ్రాములు, వారానికి ఒక కొత్త కూర. పప్పుధాన్యాలు నాలుగో వారంలో చేరాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించి మొదట రెండు చెంచాలే. ఇరవై ఐదుకు చేరడానికి పదకొండు వారాలు పట్టింది.

మంచి బాక్టీరియా నింపిన ప్రోబయాటిక్ గొట్టం మాత్రల సీసా కూడా కొన్నాను, కానీ వాడలేదు. యాంటీబయాటిక్ తర్వాత అలాంటివి వేసుకున్నవారిలో సొంత బాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైందని 2018లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. అది చిన్న అధ్యయనమే, అయినా నాకు ఆ సీసా మూత తీయబుద్ధి కాలేదు. పెరుగు మాత్రం రోజూ తిన్నాను. అందులోని బాక్టీరియా పేగులో కాపురం పెట్టవు, దాటి వెళ్లిపోతాయి. కానీ పులిసిన ఆహారాన్ని పది వారాలు తిన్నవారి పేగుల్లో బాక్టీరియా రకాలు పెరిగి, రక్తంలో వాపు సూచికలు తగ్గాయని 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. భోజనం తర్వాత పావుగంట నడక, పదిన్నరకల్లా నిద్ర కూడా అలవాటయ్యాయి.

మొన్న మరో పన్ను వాచింది. కుర్చీలో కూర్చోగానే నా పాత జబ్బు సంగతంతా చెప్పాను. ఈసారీ యాంటీబయాటిక్ తప్పదంటే వేసుకోవడానికి సిద్ధపడే వెళ్లాను, అది అవసరమైన చోట ప్రాణం నిలిపే మందు. డాక్టరు ఎక్స్‌రే తీసి, జ్వరం చూసి, "మందు అక్కర్లేదు, చీము తీసేస్తే చాలు" అన్నారు. ఇంటికొచ్చేసరికి అక్క పప్పు మెత్తగా ఉడికించి ఉంచింది. దవడ మొద్దుబారి ఉన్నా రెండోసారి వడ్డించుకుని తిన్నాను.