చిన్న బ్లాకు, మంచి బ్లాకు

గుంటూరు, ఆదివారం.

ఎండ దిగేదాకా బ్రాడీపేట లేన్లలో అలికిడి ఉండదు. ఫ్యూయెస్ట్ మూవ్స్ సాధనకు, అంటే గంటలో రూబిక్స్ క్యూబ్‌కి వీలైనన్ని తక్కువ మూవ్‌ల (తిప్పుల) పరిష్కారం రాసే పోటీకి సిద్ధమవడానికి, ఇంతకన్నా మంచి వేళ దొరకదు. మూడు క్యూబ్‌లు, కాగితం, పెన్ను, 60 నిమిషాలు. ఆ తర్వాత అదే స్క్రాంబుల్ (క్యూబ్‌ని కలగలిపే మూవ్‌ల వరుస) కంప్యూటర్‌కి ఇచ్చి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడటం.

2×2×2 బ్లాకు, అంటే క్యూబ్ మూలన సరిగ్గా కుదిరిన చిన్న ఘనం, కట్టడం కంప్యూటర్‌కి పెద్ద పని కాదు. అందులోని ఒక కార్నర్ (మూల ముక్క) 24 రకాలుగా, మూడు ఎడ్జ్‌లు (అంచు ముక్కలు) 24×22×20 రకాలుగా ఉండొచ్చు. మొత్తం 2,53,440 స్థితులు. ఏ స్థితికి ఎన్ని మూవ్‌లో ముందే పట్టిక వేసుకుంటే, అర బైటు చొప్పున 1,26,720 బైట్లు చాలు. దాన్ని ఒక వరుస పెంచిన 2×2×3కి స్థితులు 153 కోట్లు దాటతాయి, అయినా ఇవాళ్టి ఫోన్‌లో పట్టేస్తుంది. మనిషి ఆ పట్టికను మోయలేడు కాబట్టి జతలు వెతుకుతాడు: ఏ కార్నర్ పక్కన దాని ఎడ్జ్ ఇప్పటికే అతుక్కుని ఉంది, ఏది ఒక్క తిప్పుతో అతుక్కుంటుంది. ఎనిమిది కార్నర్లనూ ఇలాగే చూడాలి. తెల్లరంగు ఉన్నవే చూసేవాళ్లు సగం బ్లాకుల్ని కన్నెత్తకుండానే వదిలేస్తారు.

అసలు నష్టం మాత్రం చిన్న బ్లాకు దొరకగానే అదే మంచిదనుకోవడంలో ఉంది. 2×2×2ని కదపకుండా తిప్పగల ముఖాలు మూడు. 2×2×3 అయ్యాక రెండే మిగులుతాయి. ఆ రెండింటినీ ఎంతసేపు తిప్పినా ఎడ్జ్‌ల దిశ మారదు. మిగిలిన ఏడు ఎడ్జ్‌ల్లో బ్యాడ్ ఎడ్జ్‌లు, అంటే ఆ రెండు ముఖాలతోనే సరైన దిశలో కూర్చోలేనివి, 0, 2, 4 లేదా 6 ఉంటాయి. ఉన్నవాటిని సరిచెయ్యాలంటే కట్టిన బ్లాకును కాసేపు విప్పక తప్పదు. బ్లాకులు కడుతూ పోయే లార్స్ పెట్రస్ పద్ధతిలో మూడో మెట్టు ఇదే. అందుకే 9 మూవ్‌ల్లో వచ్చి నాలుగు బ్యాడ్ ఎడ్జ్‌లు మిగిల్చే 2×2×3 కన్నా, 11 మూవ్‌లు పట్టినా ఒక్కటీ మిగల్చనిదే నాకు ముద్దు. చివరి మూవ్‌లు వెయ్యకముందే బ్యాడ్ ఎడ్జ్‌లు లెక్కపెట్టాలి, వేశాక కాదు.

కంప్యూటర్ ఈ బేరమే ఆడదు, ఎందుకంటే మొత్తం పరిష్కారం వెతికేటప్పుడు అది బ్లాకులే కట్టదు. హెర్బర్ట్ కోసీంబా 1992 నాటి రెండు దశల పద్ధతిలో మొదటి దశ అయ్యేసరికి ఎడ్జ్‌లు, కార్నర్లు అన్నిటి దిశా కుదురుతుంది, నడిమి పొరలోని నాలుగు ఎడ్జ్‌లు ఆ పొరలోకే చేరతాయి. చూసే కంటికి మాత్రం క్యూబ్ ఇంకా చెల్లాచెదురే. ఏ స్థితైనా 20 మూవ్‌ల్లో తీరుతుందని 2010లో తేలింది కదా, అలాంటి పొట్టి పరిష్కారాల్లో బ్లాకులు చివరి కొద్ది మూవ్‌ల్లోనే తేలతాయి. పోటీల్లో ముందున్నవాళ్లు డొమినో రిడక్షన్ పేరుతో ఆ మొదటి దశ దారే పట్టారు. అయినా కొత్తవాళ్లకు ముందు బ్లాకులే నేర్పాలంటాను. ఏ మూవ్ దేన్ని చెడగొడుతుందో చేతికి తెలిసేది అక్కడే.

బ్లాకులు కట్టేవాళ్లకు బాగా కలిసొచ్చేది విలోమ స్క్రాంబుల్, అంటే అదే స్క్రాంబుల్‌ని చివరి నుంచి, ప్రతి మూవ్‌నీ ఎదురు దిశలో వేసినది. అసలు స్క్రాంబుల్‌లో దారి మూసుకుంటే విలోమంలో వెతకొచ్చు. అక్కడ ఎఫ్ (ముందు ముఖం పావు తిప్పు), ఆర్2 (కుడి ముఖం అర తిప్పు) వేస్తే, జవాబు చివర ఆర్2, ఎఫ్ ప్రైమ్ (ఎదురు దిశలో ఎఫ్) రాయాలి. వరుస తిరగెయ్యడం మరిచినా, ప్రైమ్ మరిచినా గంట శ్రమా గంగపాలే.

మూడు కార్నర్లు మిగిలితే ఆర్, యు (పై ముఖం), ఆర్ ప్రైమ్, డి (కింది ముఖం), ఆర్, యు ప్రైమ్, ఆర్ ప్రైమ్, డి ప్రైమ్ లాంటి ఎనిమిది మూవ్‌ల కమ్యూటేటర్‌తో (ఆ మూడింటినే మార్చి మిగతావి చెడగొట్టని వరుసతో) చాలాసార్లు తీరతాయి. దాన్ని చివర తగిలించెయ్యకూడదు. స్కెలిటన్‌లో (ఆ మూడూ తప్ప అన్నీ తీర్చే మూవ్‌ల వరుసలో) ప్రతి మూవ్ తర్వాతా ఆ మూడు కార్నర్లు ఎక్కడున్నాయో స్టిక్కర్లు అంటించి చూడాలి. ఆర్ ప్రైమ్ తర్వాత, ఆర్‌తో మొదలయ్యే కమ్యూటేటర్ సరిపోయే చోటు దొరికితే ఆ రెండూ కొట్టేసుకుంటాయి, రెండు మూవ్‌లు తగ్గుతాయి. ఈ వెతుకులాటకు కనీసం 15 నిమిషాలు మిగుల్చుకోవాలి. చివరి 5 నిమిషాల్లో స్క్రాంబుల్‌ని కొత్తగా వేసి, కాగితం మీద రాసిందే చూస్తూ తిప్పి సరిచూసుకోవాలి.