పెలే-మూర్ ప్రింటు గోడకెక్కే దాకా

1970 జూన్ 7న ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో, మెక్సికోలోని గ్వాదలహారాలో బ్రెజిల్ 1-0తో ఇంగ్లండ్‌ను ఓడించింది. ఆట అయ్యాక పెలే, ఇంగ్లండ్ కెప్టెన్ బాబీ మూర్ చొక్కాలు మార్చుకుంటుంటే జాన్ వార్లీ తీసిన ఫొటో పోస్టరుగా ఎక్కడైనా దొరుకుతుంది. నాకు కావాల్సింది దాచుకోదగ్గ ఎడిషన్ ప్రింటు, అంటే ఇన్నే అని లెక్కపెట్టి, నంబరు వేసి ఇచ్చే కాపీ. ఫొటో ఎంత గొప్పదైనా, ధర పలికేది కాగితం, నంబరు, సంతకం. అందుకే డబ్బు కట్టే ముందు విదేశీ అమ్మకందారుకు రాసిన మెయిల్లో ప్రశ్నలన్నీ వాటి గురించే.

ప్రింటు మీద 12/50 (యాభైలో పన్నెండోది) అని ఉంటే, ఆ 50 ఆ ఒక్క సైజుకేనా, అన్ని సైజులకూ కలిపా? చాలామంది మోసపోయేది ఇక్కడే. మూడు సైజుల్లో 50 చొప్పున వేస్తే ఉన్నవి 150. ఆర్టిస్ట్ ప్రూఫులు (ఆ లెక్కకు బయట ఫొటోగ్రాఫరు ఉంచుకునే కాపీలు) వేరే. యూరోపియన్ యూనియన్ వ్యాట్ నిబంధనల్లో ఫొటోను కళాకృతిగా లెక్కించాలంటే అన్ని సైజులూ కలిపి 30కి మించకూడదు, ఫొటోగ్రాఫరే సంతకం చేసి నంబరు వేయాలి. నేను కొలతగా పెట్టుకున్నది అదే. ఆటగాళ్ల సంతకాలుంటే ఇంకో చూపు చూడాలి: మూర్ 1993లోనే పోయారు. కొత్త పిగ్మెంట్ ఇంక్‌జెట్ ప్రింటు మీద ఆయన సంతకం కనిపిస్తే బేరం కూడా ఆడొద్దు.

తర్వాత సైజు. 35 ఎంఎం నెగటివ్ 24×36 మిల్లీమీటర్లు. 16×24 అంగుళాలకు పెంచితే దాదాపు 17 రెట్లు. గ్రెయిన్ (ఫిల్మ్‌లోని సన్నటి రేణువులు) కనిపిస్తుంది, కనిపించాలి కూడా. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తే మొహాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. అసలు చిక్కు 2000 ప్రాంతపు ఫొటోలతో. 1999లో వచ్చిన నికాన్ డీ1 డిజిటల్ కెమెరా ఇచ్చేది 2000×1312 పిక్సెళ్లే. అంగుళానికి 200 చొప్పున వేస్తే 10 అంగుళాల వెడల్పు వస్తుంది, అంతే. దాన్ని 24 అంగుళాలు చేసి అమ్ముతుంటే స్టాండ్స్‌లో జనం మొహాలు చూడండి, పిండిముద్దల్లా ఉంటాయి. ముప్పై ఏళ్ల పాత ఫిల్మే నయం!

కత్తిరింపు కూడా అడగాలి. నెగటివ్ నిష్పత్తి 3:2, 16×20 కాగితానిది 5:4. బోర్డరు వదలకుండా నింపితే అంచులు పోతాయి. 1982 జూన్ 13న బార్సిలోనాలో స్టీవ్ పావెల్ తీసిన ఫొటోలో మారడోనా ఎదుట ఆరుగురు బెల్జియం ఆటగాళ్లుంటారు (నిజానికి వాళ్లు ఫ్రీ కిక్ గోడ నుంచి అప్పుడే విడిపోతున్నవాళ్లు). అంచున ఒక్కడు తెగినా ఆ ఫొటో బలం సగం పోయినట్టే.

కస్టమ్స్ దగ్గర ఇన్‌వాయిస్‌లో ఉత్త ‘ఆర్ట్‌వర్క్’ అని ఉంటే ప్రశ్నలు మొదలవుతాయి. సుంకాల పట్టికలో ఫొటోలు వచ్చేది 4911 హెడ్డింగ్ కింద, చిత్రలేఖనాల 9701 కింద కాదు. ‘ఫొటోగ్రాఫ్’ అని స్పష్టంగా రాయించి, చెల్లించిన మొత్తం రుజువు, కేవైసీ కాగితాలు ముందే సిద్ధం చేసుకున్నాను. ట్యూబులో పంపేటట్లయితే వ్యాసం కనీసం 6 అంగుళాలు ఉండాలి. 308 జీఎస్ఎం (చదరపు మీటరుకు 308 గ్రాముల) మందపాటి కాటన్ కాగితాన్ని సన్నగా చుడితే పైపూత చిట్లుతుంది. పెట్టె రాగానే విప్పొద్దు. ఒక రోజు గదిలో ఉంచితే చలువకు తేమ పట్టదు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని తీసి, రెండు బోర్డుల మధ్య బరువు పెట్టి చదును చేయాలి. సాపు కావాలని వెనక్కి చుట్టడం పనికిరాదు.

ఫ్రేము షాపులో మాత్రం పక్కనే నిలబడాలి. అలవాటుగా హార్డ్‌బోర్డుకు గమ్ము పూసి అంటించేస్తారు. అలా అంటిస్తే మళ్లీ అమ్మేటప్పుడు విలువ పడిపోతుంది. యాసిడ్ లేని మ్యూజియం బోర్డు మనమే తీసుకెళ్లి, పై అంచుకు మాత్రం జపనీస్ టిష్యూ పట్టీలు గోధుమ గంజితో అతికించమనాలి. వానాకాలం కాగితం సాగుతుంది. నాలుగు పక్కలా బిగిస్తే అలలు తేలుతుంది. సెల్లోటేపు దగ్గరికే రానివ్వొద్దు. కిటికీ కోసిన మౌంటు బోర్డు ప్రింటుకూ అద్దానికీ మధ్య ఖాళీ ఉంచుతుంది. అది లేకపోతే తేమకు ప్రింటు మీది జెలటిన్ పూత గాజుకు అంటుకుపోతుంది, తర్వాత విడదీయలేం. సంతకం, నంబరు కనబడేలా కిటికీని అర అంగుళం పెద్దది కోయించాలి.

గాజు బదులు యూవీ ఆపే యాక్రిలిక్ వేయించాను. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో వానకు తడిసే బయటి గోడకు తగిలిస్తే వెనక బూజు ఖాయం. లోపలి గోడ చూసుకోవాలి, ఫ్రేము కింది మూలలకు రబ్బరు బుడిపెలు పెడితే గాలి ఆడుతుంది. సర్టిఫికెట్‌ను ఫ్రేము వెనక అంటించకుండా, ఇన్‌వాయిస్‌తో కలిపి ఫైల్లో పెట్టాను.